పిండి నడిచింది

ఆదోనిలో ఆస్పరి పోయే దారిలో మాది పిండి మిషను.
ఇరవై రెండేండ్లుగా చెవితోనే జోకుతా గింజల్ని:
పొడిదైతే గలగల, తడిదైతే గొణుగుడు.
ఆ ఏడు కార్తీకమంతా గొణుగుడే.

మోడం పేరు చెప్పి అప్పు తెచ్చుకునేటోల్లం మేము,
వద్దు వద్దంటే పదైదు దినాలు పడింది.
గోడౌన్ల రేకులు కారినాయి.
మూటల అడుగు వరస ఆరలే,
ఎవురూ తిప్పనూ లే.

ఆ గోడౌన్లో కసువూడ్చేది ఉరుకుందమ్మ.
కూలి సగం దుడ్డు, సగం ఊడ్పు జొన్నలు.
రెండు వారాల కిందట ఆడించిన పిండి
డబ్బాతో సహా వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టింది.
"ఏం హుసేనప్పా, నాకంటే ముందు
పుదీనా గానీ ఆడించినావా ఎవురికన్నా?"

పుదీనా ఎవురాడిస్తారు మిషన్లో!
నేనూ ముక్కు పెట్టినా.
నిజమే. పచ్చిగా, కొంచెం తియ్యగా,
పెండ్లింట వంటలకాడ వచ్చే వాసన.

మా జేజినాయన ఒకటి నేర్పిపోయినాడు:
పిండి మీద అనుమానమొస్తే
పళ్లెంలో కుప్ప పోసి, వేలితో నున్నగా మొన తేల్చి
ఒక బీడీ కాలేంత సేపు గమ్మునుండమని.

పోసినా. మొన తేల్చినా.
గాలి రాకుండా తలుపేసినా.
కరెంటు లేదు, బెల్టు నిలిచింది.
ఇద్దరం ఆ కుప్పనే చూస్తా కూచున్నాం,
పొయ్యి మీద పాలు చూసే మాదిరి.

బీడీ సగం కాలింది.
మొన వంగింది.
ముట్టలేదెవురూ.
ఒక పక్క నున్నదనం పొడిపొడిగా ఇడిపోయి
జారింది, ఆగింది, మళ్లా జారింది,
అలిసిన మడిసి గోడకానుకొని
మెల్లగా కిందికి కూలబడినట్టు.

నా కండ్లద్దాలకు పిండి పిండిగానే కనపడింది.
ముక్కుపురుగైతే ఎంచొచ్చు,
చాటలో చెరిగి కోళ్లకెయ్యొచ్చు.
ఇది ఎంచేది కాదు, ఏరేది కాదు.
యార్డులో భూతద్దం పిల్లోడు తరవాత చెప్పినాడు
పిండినల్లి అని.
మిరప చేన్లో ఎర్రనల్లిని ఎరుగుదుం గానీ
దాని చుట్టం పిండి డబ్బాలో కాపురముంటాదని తెలీదు.

ఉరుకుందమ్మ అప్పటికే పళ్లెం చూడ్డం మానేసింది.
రైక చేతులు పైకి లాక్కోని
మోచేతుల మడతల్లో దద్దుల్ని చూసుకుంటా ఉంది.

మూడు నెల్లు.
గజ్జి అన్నాడు సూదిమందు డాక్టరు.
ఆ ఒక్క మాటకి
ఆయమ్మ తట్ట వేరైంది, చెంబు వేరైంది,
చాప పంచలోకొచ్చింది.
మనవడు మారెప్ప ఒళ్లోకి ఉరికొస్తే
ఎవురో ఒకరు రెక్క పట్టి లాగేది.
రాత్రంతా గీరుకుంటా
ఏ పాపం చేసినానో అని ఈరన్నసామిని అడిగేది.

"గజ్జి కాదు," అనింది.
మళ్లా అనింది, గట్టిగా,
మిషను ఆగిందని కూడా మరిచి.
పళ్లెం నాది. ఇస్తావా అని అడగలే.
ఒంటికి తగలకుండా రెండు చేతులూ చాపి పట్టుకోని
నడి బజార్న నడిచిపోయింది
కోడలికి చూపిద్దామని.

ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.
మూడో దినం పళ్లెం తిరిగొచ్చింది,
బూడిదతో తళతళా తోమి.
గోడౌన్ షావుకారు మాత్రం
అడుగు వరస పైకి, పై వరస అడుక్కి మార్పించినాడు.
అంతే.

మాఘానికి వాన మమ్మల్ని మళ్లా మరిచింది.
ఉరుకుందమ్మ మిగిలిన జొన్నల్ని
బండ మీద పలచగా ఆరబోసి
పక్కనే కూచోనింది, తన రెక్కలూ ఎండకి చాపి.
పుట్టినకాడ్నించి తిట్టిన ఎండే.
ఆ పొద్దు తిట్టలే.
మారెప్ప ఆయమ్మ తొడ మీద తల పెట్టుకోని
పడుకున్న చోట్నించే కాకుల్ని అదిలిస్తా ఉన్నాడు.

పొద్దుగూకినాక చాట అడుగున మిగిలిన దుమ్ము
నా కాడికి తెచ్చింది.
పళ్లెంలో పోసి మొన తేల్చినా.
రెండు బీడీలు కాలినాయి.
దుమ్ము దుమ్ముగానే ఉండాది.